చేతులు కట్టుకుని చేసే రిపేరు

చెవి మేస్త్రీకి ఆ పేరు ఊరికే రాలేదు. నాలుగు వీధుల అవతల ఎవరింట్లోనో వాషింగ్ మెషీన్ తిరుగుతుంటే, ఆయన ఇక్కడ టీ గ్లాసు దించి, "ఆ బెల్టుకి ఇంకా పదిహేను రోజులే ఆయుష్షు" అనేవాడు. పదహారో రోజున ఆ ఇంటివాళ్లు తడిబట్టల బుట్ట చంకన పెట్టుకుని ఆయన ఇల్లు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. ఒకసారి సినిమాకి వెళ్తే, తెర మీద హీరో, విలను కొట్టుకుంటుంటే వెనకాల ఒక మెషీన్ తిరుగుతోందట. ఈయన సీట్లోంచి లేచి, "ముందు ఆ పంపులో ఇరుక్కున్న గుండీ తీయండ్రా, తర్వాత తీరిగ్గా కొట్టుకోండి!" అని కేకేశాడట. ఇందులో సగం నమ్మితే చాలు. మిగతా సగం కూడా నిజమే.

ఇరవై ఆరేళ్లు ఒకే కంపెనీలో మెషీన్లు బాగుచేశాడు. గడపలో చెప్పులు విడవడం, మెషీన్ ముందు గొంతుకు కూర్చోవడం, పని ముగించి లేవడం. ఈ మధ్యలో నోటితో పనే లేదు. ఇంటివాళ్లు "ఏమైందండీ?" అని అడిగితే జవాబుగా ఇరుక్కున్న పిల్లల సాక్సు తీసి చేతిలో పెట్టేవాడు. అంతే, అదే రిపోర్టు.

అలాంటి మనిషికి మోకాలు దెబ్బతింది. మూడో అంతస్తుకి మోటారు భుజాన వేసుకుని ఎక్కుతుంటే లోపల ఏదో కటుక్కుమంది. అది ఏ భాగమో ఎవరూ చెప్పకముందే ఆయన చెవికి తెలిసిపోయింది. డాక్టరు ఎక్స్‌రే చూసి, "కూర్చోకూడదు, మెట్లెక్కకూడదు, బరువెత్తకూడదు" అన్నాడు. మోకాలు మడవకుండా వాషింగ్ మెషీన్ బాగుచేయమంటే నోరు తెరవకుండా పాట పాడమన్నట్టే.

కంపెనీవాళ్లు మంచివాళ్లే, ఇంటికి పొమ్మనలేదు. రెండు దారులు చూపించారు. ఒకటి, నేలమాళిగలో స్పేర్ పార్టుల గోడౌను. అక్కడ మెషీన్లుండవు, మెషీన్ల అవయవాలుంటాయి. అట్టపెట్టెల మీద నంబర్లు చూసి పై అరల్లోంచి తీసివ్వాలి, రోజంతా ట్యూబులైటు కింద, ఒక్క మోటారు మోత కూడా వినపడకుండా. రెండోది, మూడో అంతస్తులో ఫోన్ల గది. లిఫ్టు ఉంది, మెత్తటి కుర్చీ ఉంది. కంపెనీ కొత్తగా సముద్రాల అవతల స్పానిష్ మాట్లాడే దేశాలకి మెషీన్లు అమ్ముతోంది. అవి చెడిపోతే అక్కడివాళ్లు ఇక్కడికి ఫోను చేస్తారు. స్పానిష్ వచ్చినవాళ్లకి మెషీన్ రాదు, మెషీన్ వచ్చినవాళ్లకి స్పానిష్ రాదు. కాబట్టి ఒక ముసలి మేస్త్రీకి మూడు నెలల్లో స్పానిష్ నేర్పేద్దాం అని ఎవరో పెద్దబుర్రకి తట్టింది. చివర్లో పరీక్ష. అరవై మార్కులు వస్తే ఫోన్ల గదిలో మూడో సీటు ఆయనది. రాకపోతే గోడౌను.

"నేను గోడౌనుకి పోను," అన్నాడు మేస్త్రీ ఇంటికొచ్చి. "అట్టపెట్టెలకి జబ్బు చెయ్యదు. నేను అక్కడేం చెయ్యను?"

మొదటి రెండు నెలలూ ఎదురులేదు. డ్రమ్ము, గొట్టం, మూత, పంపు, ఇలా ఒక్కో స్పానిష్ మాటనీ ఒక్కో భాగానికి తగిలించుకున్నాడు. వారంలో డెబ్భై మాటలు మింగేశాడు. నేర్పే టీచరమ్మ ఆశ్చర్యపోయింది. ఆయన కూతురి వయసు పిల్ల. "బాబాయ్ గారూ, మీరు ఇలాగే పోతే నాకు ఉద్యోగం ఉండదు," అని నవ్వింది.

మూడో నెలలో ఆజ్ఞలొచ్చాయి. మర్యాదగా పని చెప్పే రూపం: ఆపండి, వెతకండి, తీయండి, పెట్టండి. ఫోన్ల గదిలో రోజంతా పనికొచ్చేది అదొక్కటే. మేస్త్రీ బండి సరిగ్గా అక్కడే దిగబడింది.

మొదటి తంటా చివరి అక్షరంతో. 'ఆర్' అని ముగిసే మాటలు ఇక్కడ 'ఎ' తగిలించుకుంటాయి. 'ఎర్' అని ముగిసేవి 'అ' తగిలించుకుంటాయి. ఒకళ్ల చొక్కా ఒకళ్లు తొడుక్కుని వీధిలోకి వచ్చినట్టు. పోనీ అనుకున్నాడు. అసలు తంటా రాతలో ఉంది. ప్రతి ఫోను తర్వాత కస్టమరుకి చెప్పిందంతా మెసేజ్‌గా టైపు చేసి పంపాలి. అక్కడ 'బుస్కార్', అంటే వెతకడం, 'బుస్కె' అవుతుంది. వినడానికి ఎంత సుఖంగా ఉంది! మేస్త్రీ చెవి ఎలా విందో అలాగే, మధ్యలో 'సి' అక్షరంతో రాశాడు. తప్పు. 'కె' అక్షరం పెట్టి రాశాడు. అదీ తప్పు. 'సి' తీసేసి 'క్యూ', దాని పక్కన 'యు' పెట్టాలట. ఆ 'యు' పలకదట.

"పలకని అక్షరాన్ని కూర్చోబెట్టి మేపడమెందుకమ్మా?" అన్నాడు.

"అది కాపలా ఉంటుంది బాబాయ్ గారూ. అక్కడ 'సి'ని వదిలేస్తే, పక్కకి 'ఎ' రాగానే 'స' అని పలికేస్తుంది. ఆ 'క' చెడకుండా మారుస్తాం."

"వినడానికి ఏమీ మారలేదు కదా?"

"లేదండీ."

"మరి రాయడానికి ఎందుకు మారింది?"

"వినడానికి మారకూడదనే రాయడానికి మారింది."

"అంటే బెల్టు మారకూడదని మోటారు మార్చేశారన్నమాట," అన్నాడు.

మనకి 'క' అంటే ఎక్కడికెళ్లినా 'క'నే. గుడి పెట్టుకో, కొమ్ము పెట్టుకో, ఒళ్లు దానిదే. ఈ స్పానిష్ వాళ్ల అక్షరాలు మాత్రం పక్కింటివాళ్లు మారితే తామూ గొంతు మార్చేస్తాయి. 'అపగార్', ఆపేయడం, 'అపగె' అయ్యేసరికి 'జి' తర్వాత ఒక 'యు' దూరుతుంది. 'రెకొహేర్', పోగుచేయడం, 'రెకొహ' అయ్యేసరికి 'జి' పోయి 'జె' వస్తుంది. 'ఎంపెసార్', మొదలుపెట్టడం, అయితే రెండు చోట్ల చెడుతుంది: వెనక 'జెడ్' పోయి 'సి' రావాలి, ముందు కడుపులో ఒక 'ఐ' పుట్టాలి. దాన్ని చూసి మేస్త్రీ, "ఇది రిపేరు కాదు తల్లీ, మొత్తం బండి మార్చుకోవడమే," అని పెన్ను మూత పెట్టేశాడు. ఇరవై మాటలు రాస్తే పదిహేడింటి కింద ఎర్రగీతలు. "నేను చూసిన ఏ మెషీనూ ఇంత కారలేదు," అని ఆ కాగితం మడిచి జేబులో కుక్కుకుని ఇంటికి పోయేవాడు.

అక్షరాలు ఒక ఎత్తు. అసలు ఈ రూపం ఎందుకో ఆయనకి మింగుడుపడలేదు. టీచరమ్మ ఓపిగ్గా చెప్పింది: "ఇది మీరు చేసిన పని గురించి చెప్పేది కాదు బాబాయ్ గారూ. ఇంకా జరగని పని. అవతలివాళ్లు చెయ్యాలని మీరు కోరుకునే పని."

"అవతలివాళ్లని నేనెప్పుడూ ఏమీ కోరలేదమ్మా. 'జరగండి' అనేవాణ్ణి. వాళ్లు జరిగేవాళ్లు. నేను చేసేవాణ్ణి."

ఆ మాటతో టీచరమ్మకి జబ్బు ఎక్కడుందో అర్థమైనట్టుంది గానీ, దానికి ఆమె పుస్తకంలో మందు లేదు.

పరీక్ష రోజు వచ్చింది. శుక్రవారం పొద్దున పదింటికి. హెడ్డాఫీసు నుంచి పరీక్షల మేడం ఫోను చేసి కస్టమరులా మాట్లాడుతుంది. ఇక్కడ గదిని చూసుకునే ఫ్లోర్ సారు చేతిలో గడియారంతో వెనక నుంచుంటాడు. గదిలో పన్నెండు సీట్లు, పన్నెండు హెడ్‌ఫోన్లు, మధ్యలో నీళ్ల డబ్బా. మేస్త్రీ హెడ్‌ఫోను తగిలించుకున్నాడు. అది ఒక చెవికే ఉండటం చూసి, "రెండో చెవి ఏం పాపం చేసిందండీ?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఫోను మోగింది.

మేడం బాగా నటించింది. సెన్యోర్, నా మెషీన్ తిరగడం లేదు, లోపల నీళ్లు నిలిచిపోయాయి, బట్టలు మునిగి ఉన్నాయి అని స్పానిష్‌లో ఏడ్చినంత పని చేసింది. మేస్త్రీకి ప్రతి ముక్కా అర్థమైంది. ఫిల్టరు. ఇంకేముంది! లక్షసార్లు తీసిన ఫిల్టరు. కళ్లు సగం మూసుకున్నాడు. చేతులు లేచాయి.

కుడిచెయ్యి గోడ దాకా వెళ్లి ప్లగ్గు పీకింది. ఎడమచెయ్యి కింద మూలనున్న చిన్న తలుపు తెరిచింది. జేబులో లేని స్క్రూడ్రైవరు తీసి, పని కాగానే మళ్లీ జేబులో పెట్టుకుంది. ట్రే కిందకి తోశాడు. గొట్టం లాగి నీళ్లు వదిలాడు. నీళ్లు పోవడానికి సమయం ఇచ్చాడు, పద్ధతి అంటే పద్ధతే. ఫిల్టరు ఎడమకి తిప్పాడు, బయటికి లాగాడు, కళ్ల ముందు పెట్టుకుని చూసి, అందులోంచి హెయిర్‌పిన్ను తీసి టేబులు మీద పెట్టాడు. లేని హెయిర్‌పిన్నుని పక్క సీటు ఆవిడ వంగి మరీ చూసింది. కడిగాడు, బిగించాడు, తలుపేశాడు, చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

హెడ్‌ఫోనులో మేడం "ఒలా? ఒలా? సెన్యోర్?" అంటూనే ఉంది.

"లిస్తో, సెన్యోరా!" అన్నాడు మేస్త్రీ, నిండు సంతృప్తితో. అయిపోయిందమ్మా అని.

అప్పుడు గదంతా పగలబడి నవ్వింది. నవ్వు ఆపుకోలేక ఒకతను నీళ్ల డబ్బా పట్టుకుని దాంతో సహా జరిగాడు. మేస్త్రీ ఒక్కో ముఖం చూస్తూ, ఏమైందో అర్థం కాక, తన చేతుల వైపు చూసుకున్నాడు. అప్పుడు అర్థమైంది. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

ఫ్లోర్ సారు గడియారం నొక్కాడు. "రెండు నిమిషాల పద్నాలుగు సెకన్లు మేస్త్రీ గారూ. ఒక్క మాట లేదు."

"పని మాత్రం సరిగ్గా చేశాను సార్."

"ఎవరి మెషీన్‌కి?"

రూలు ప్రకారం ఇంకొక్క అవకాశం ఉంది. వచ్చే శుక్రవారం. ఈసారి నాటకం కాదు, నిజం కస్టమరు ఫోనే ఇస్తారు. మేడం పక్కన వింటూ మార్కులేస్తుంది. అదీ పోతే శనివారం నుంచి గోడౌను.

మేస్త్రీ భార్య డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతుంది. ఊళ్లో సగం కార్లు ఆమె తిట్లు తిని పెరిగినవే. ఆమె పక్కన కూర్చుని "ఎడమ" అంటే స్టీరింగే కాదు, ఎదురొచ్చే లారీలు కూడా ఎడమకి తిరుగుతాయంటారు. మొగుడు ముఖం వేలాడేసుకుని వచ్చి జరిగింది చెబితే, ఆమె ముందు గోడకి ఆనుకుని కడుపునొప్పి వచ్చేదాకా నవ్వింది.

"నవ్వు, నవ్వు," అన్నాడు మేస్త్రీ. "ఊరంతా నవ్వాక నువ్వెందుకు ఊరుకోవాలి?"

"అది కాదండీ... ఆ హెయిర్‌పిన్ను టేబులు మీద పెట్టడం ఉంది చూశారూ..." మళ్లీ నవ్వింది. తర్వాత కళ్లు తుడుచుకుని, "మీ నోట్సు ఇలా ఇవ్వండి," అంది.

ఆదివారం పొద్దున ఆమె చీర కుచ్చిళ్లు దోపుకుని ఇంట్లో మెషీన్ ముందు చాప వేసుకు కూర్చుంది. మేస్త్రీకి నాలుగడుగుల దూరంలో కుర్చీ వేసింది.

"నేను కస్టమర్ని. నాకు మెషీన్ గురించి అఆలు కూడా తెలీవు. మీరు స్పానిష్‌లో ఏం చెబితే అదే చేస్తాను. చెప్పనిది చెయ్యను."

"నీకు స్పానిష్ ఎక్కడిదే?"

"మీ నోట్సులో ఈ పనికి కావలసినవి ముప్ఫై మాటలే. నిన్న ఒకాయనకి రివర్సు గేరు పడేలోపు వచ్చేశాయి."

మేస్త్రీ కడుపు మండింది గానీ గొంతు సవరించుకున్నాడు. "అపగె," అన్నాడు. ఆమె మెషీన్ ఆపింది. "బుస్కె..." తలుపుకి మాట గుర్తు రాలేదు, చెయ్యి చూపించాడు. ఆమె చూడలేదు. పైకప్పు వైపు చూస్తూ కూర్చుంది. ఫోన్లో చెయ్యి కనబడదు మరి. ఆ మాట పట్టుకునేసరికి మేస్త్రీకి చెమటలు పట్టాయి. తలుపు తెరుచుకుంది. ఊపు మీద, "సకె!" అన్నాడు. తీయండి!

ఆమె తీసింది. లోపలున్న నీళ్లన్నీ గబగబా చాప మీదకీ, ఆమె చీర మీదకీ, వంటింటి గడప దాకా పారాయి.

"ట్రే ఏదే? ట్రే పెట్టకుండా ఎవరైనా ఫిల్టరు తీస్తారా?"

"పెట్టమని మీరు చెప్పలేదుగా."

"నీకు తెలుసు కదా! పదేళ్లుగా చూస్తున్నావు కదా!"

"కస్టమరుకి తెలీదు."

ఇక ఆగలేక మేస్త్రీ కుర్చీలోంచి లేచి, మోకాలు మాట మరిచిపోయి వంగి, ఫిల్టరు మీద చెయ్యి వేయబోయాడు. ఆమె ఆ చేతి మీద చరిచింది. గట్టిగానే.

"నో తొకె!" అంది. ముట్టుకోకండి.

ఆ దెబ్బ చేతికి తగల్లేదు. ఇంకెక్కడో తగిలింది. మేస్త్రీ నీళ్లలో అలాగే నిలబడి, "నా మోకాలే పోయిందే," అన్నాడు. గొంతు పైకి లేచింది. "చేతులు బాగానే ఉన్నాయి! చూడు, ఈ వేళ్లు చూడు, వణుకుతున్నాయా? మోకాలు పోతే చేతులెందుకు కట్టేస్తున్నారు మీరంతా? ఏదో పలకని అక్షరం కోసం, ఎవడో ఎర్రగీత గీస్తాడని... నేను చేస్తే రెండు నిమిషాల పని! వాళ్లకి చెప్పి చేయించడానికి పావుగంట! అదీ సరిగ్గా రాదు! ఎందుకిదంతా?"

ఆమె లేవలేదు. తడిచీర కొంగు పిండుకుంది.

"మా ట్రైనింగు కారులో నా కాలి కింద కూడా ఒక బ్రేకుంటుంది, తెలుసుగా," అంది. "మొదటి ఏడాది మలుపు వస్తే చాలు, నొక్కేసేదాన్ని. వాళ్లు నొక్కేలోపే. ఒక్క గీత పడకుండా కారు తెచ్చి నిలబెట్టేదాన్ని. మా ఓనరు నన్ను తెగ మెచ్చుకునేవాడు. ఏడాది చివర చూస్తే నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఒక్కరికీ డ్రైవింగ్ రాలేదు. డ్రైవింగ్ అంతా నేనే చేశాను కదా."

"మరేం చేశావు?"

"కాలు వెనక్కి మడిచి సీటు కింద పెట్టుకున్నా. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, ఆ అరచేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా. నోరొక్కటే వదిలా." ఆమె చీపురు అందుకుంది. "కూర్చోండి. చేతులు తొడల కింద పెట్టుకోండి. మళ్లీ మొదటినుంచి. ఎంపియెసె!"

"దానికి రెండు చోట్ల మారుతుంది," అని గొణిగాడు మేస్త్రీ.

"ఎన్ని చోట్ల మారితే ఏం? మొదలెట్టండి."

ఆ రోజు ఫిల్టరు పద్నాలుగుసార్లు ఊడింది. పదకొండోసారికి గడప తడవలేదు.

శుక్రవారం నిజం ఫోను వచ్చింది. ఒక పెద్దావిడ. గొంతు సన్నగా, దూరంగా ఉంది. మెషీన్లో నీళ్లు నిలిచిపోయాయి. లోపల బట్టలున్నాయి. ఇంట్లో ఇంకెవరూ లేరు. మేస్త్రీ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, కుర్చీని గట్టిగా అదిమి కూర్చున్నాడు. ఫ్లోర్ సారు వెనక. టీచరమ్మ గుమ్మం దగ్గర గోళ్లు కొరుకుతూ.

"అపగె లా మాకినా, సెన్యోరా." ఆపండమ్మా మెషీన్.

అవతల టక్కుమని శబ్దం. ఎవరో వేల మైళ్ల దూరంలో మేస్త్రీ మాట విని ఒక మీట నొక్కారు. ఆయన తొడల కింద వేళ్లు కదిలాయి, అంతే.

తలుపు వెతకమన్నాడు. ఆమె పక్కవైపు వెతికింది, వెనకవైపు వెతికింది. మేస్త్రీ పళ్లు బిగబట్టాడు. కింద, కుడివైపు, ఇంకా కింద అని మూడుసార్లు చెప్పాడు. దొరికింది. ట్రే పెట్టమన్నాడు. మొదట ట్రే! ఆమె దగ్గర ట్రే లేదు, కేకు చేసుకునే పళ్లెం ఉంది. పళ్లెమైనా మహాభాగ్యమే. గొట్టం లాగమంటే లాగింది, నీళ్లు పోయాయి. పళ్లెం నిండి, ఒలకబోసి, మళ్లీ పెట్టి, మళ్లీ ఒలకబోసి. ఆరు నిమిషాలు. ఎనిమిది నిమిషాల్లో ఫోను ముగియాలి.

"సకె ఎల్ ఫిల్త్రో."

తిరగడం లేదంది. వేళ్లకి పట్టు లేదంది. ఇక్కడ మేస్త్రీ చేతులు తొడల కిందనుంచి తప్పించుకోవడానికి కుర్చీతో సహా పైకి లేవబోయాయి. ఆ చెయ్యి, ఆ ఒక్క తిప్పు, ఎంతసేపు! గొంతులోకి తిట్లు వచ్చాయి. తన మోకాలి మీదా, ఆ దూరం మీదా. అప్పుడు ఆమె ఏదో గుర్తొచ్చినట్టు, "ఎస్పెరె, సెన్యోర్. నో క్వెల్గె," అని రిసీవరు పక్కన పెట్టి వెళ్లిపోయింది. ఆగండి, ఫోను పెట్టకండి అని.

ఫ్లోర్ సారు వంగి చెవిలో, "కస్టమరు లైనులో లేకపోతే కట్ చేసి మళ్లీ చెయ్యాలి. టైము పోతోంది," అన్నాడు.

"పెట్టొద్దన్నారు సార్."

"రూలండీ."

"ఆవిడ పెట్టొద్దన్నారు," అన్నాడు మేస్త్రీ మళ్లీ, ఫోను వైపే చూస్తూ. ఏడు నిమిషాలు. ఎనిమిది. తొమ్మిదిన్నరకి చెప్పుల చప్పుడు వినబడింది. మూతలు తీసే రబ్బరుముక్క ఏదో తెచ్చుకుందట. తిప్పింది. బుడబుడమని మిగిలిన నీళ్లు పోయాయి. ఆమె చిన్నపిల్లలా కేకేసింది. లోపలినుంచి ఒక ఉంగరం వచ్చిందట. అది ఎప్పుడు పోయిందో, ఎవరిదో గబగబా ఏదో చెప్పింది. మేస్త్రీకి సగమే అర్థమైంది. కడిగి పెట్టేశాను, చేతులు నొప్పిగా ఉన్నాయి, చాలా థాంక్సు అని చెప్పి ఫోను పెట్టేసింది.

"అయ్యో!" అన్నాడు మేస్త్రీ.

ఇంకా బిగించమని చెప్పాల్సింది. నొప్పి పుట్టిందని ఆపేసింది, సగమే బిగించి ఉంటుంది. మళ్లీ మెషీన్ వేస్తే ఇల్లంతా నీళ్లే. ఆ మాట నోటిదాకా వచ్చి ఇరుక్కుపోయింది, ఆమె పెట్టేసింది.

ఇప్పుడు మెసేజ్. ఆరు వాక్యాలు. తొడల కింద నుంచి చేతులు తీసి కీబోర్డు మీద పెట్టాడు. రెండు వేళ్లతో, ఒక్కో అక్షరం దగ్గరా ఆగి, పెదవులు కదుపుతూ. 'సి' తీసెయ్, 'క్యూ' పెట్టు, పక్కన ఆ పలకనివాణ్ణి కూర్చోబెట్టు. 'జి' తర్వాత 'యు'. 'జి' పోయి 'జె'. కంపుకొట్టే గొట్టంలోకి చెయ్యి పెట్టినట్టు ముఖం చిట్లించి ఆరూ రాశాడు.

ఫ్లోర్ సారు తెర మీద మార్కులు చూసి ఊపిరి వదిలాడు. టైము దాటినందుకు కోత పోగా అరవై ఒకటి. "చాలు మేస్త్రీ గారూ, పంపేయండి. ఆరే అడిగారు."

"ఇంకొకటి రాయాలి సార్. ఫిల్టరు గట్టిగా బిగించమని."

"అది ఫారంలో లేదు. రాస్తే దానికీ తప్పులు లెక్కేస్తారు. తప్పుకో మార్కు. మీకు మిగులున్నది ఒక్క మార్కే. తెలుసా?"

గుమ్మం దగ్గర టీచరమ్మ తల అడ్డంగా ఊపింది, వద్దు బాబాయ్ గారూ అన్నట్టు.

"నీళ్లు కారతాయి సార్," అన్నాడు మేస్త్రీ.

ఏడో వాక్యం మొదలుపెట్టాడు. బిగించండి, ఆగేదాకా తిప్పండి. ఇందులో రెండు మాటలున్నాయి, రెండూ ఆ పాడు రూపంలోనే. తప్పిపోతే రెండు మార్కులు. ఒక మాట రాశాడు, చెరిపాడు, మళ్లీ రాశాడు. రెండోది రాశాడు. కళ్లు మూసుకుని పంపే మీట నొక్కాడు. నొక్కాక కూడా వేలు కాసేపు దాని మీదే ఉండిపోయింది.

పది నిమిషాలకి ఆ పెద్దావిడ జవాబు వచ్చింది: ఇంకో ముప్పావు తిప్పు తిరిగింది, ఇప్పుడు కదలడం లేదు. ఆ వెనకే మేడం దగ్గర్నుంచి మార్కుల కాగితం వచ్చింది. అరవై. సరిగ్గా అరవై.

టీచరమ్మ చప్పట్లు కొట్టింది. ఫ్లోర్ సారు చెయ్యి చాపి, "సోమవారం నుంచి మూడో సీటు మీదే," అన్నాడు. మేస్త్రీ ఆ చెయ్యి చూడలేదు. కాగితం మీద వేలు పెట్టి నిలబడ్డాడు.

"ఇక్కడ ఒక మార్కు ఎందుకు తీశారు?"

"బిగించండి అన్న మాటలో ఒక 'ఐ' వదిలేశారు బాబాయ్ గారూ. పోనీలెండి, పాసయ్యారు కదా!"

"ఆ 'ఐ' లేకపోతే ఆవిడకి అర్థం కాలేదా?"

"అయింది."

"ఫిల్టరు బిగిసిందా లేదా?"

"బిగిసిందండీ."

"నీళ్లు కారుతున్నాయా?"

"లేదు."

"మరి?" అన్నాడు మేస్త్రీ. ఆయన మూడో సీట్లోకి మెల్లగా, మోకాలు చాపుకుని కూర్చుని, కాగితం టేబులు మీద పరిచి, పెన్ను మూత తీశాడు. "ఆ మేడం నంబరివ్వండి సార్. ఈ ఒక్క మార్కు సంగతి తేల్చుకోవాలి."